జైనబీ చాచీ చక్కెర కూపను

రేషన్ దుకాణం ఆయన ఫోన్ చేశాడు. కార్డులో పేరున్న ప్రతి ఒక్కరూ నెలాఖరులోగా వచ్చి మిషన్ మీద వేలు పెట్టాలట, పెట్టనివాళ్ల పేరు దానంతటదే పోతుందట. "మీ ఇంట్ల ఇద్దరే గద మేడమ్, అవ్వను గూడ తోలుకరాండ్రి. నడువస్తలేదంటే ఆటోల తీస్కరాండ్రి, ఒక్క నిమిషం పని" అన్నాడు. సరే అని ఫోన్ పెట్టేశాను. అవ్వ, అంటే మా అమ్మ, పోయి అప్పటికి ఐదు నెలలు. ఆ సంగతి ఆయనకు చెప్పడం నేను మరిచిపోలేదు. ప్రతి నెలా సంచి పట్టుకుని వెళ్లి, నా వేలు పెట్టి, ఇద్దరి బియ్యం తెచ్చుకుంటున్నాను. ఇరవై ఏళ్లు పిల్లలకు నీతిపాఠాలు చెప్పిన ప్రైవేటు స్కూలు టీచరమ్మ చేసే పని ఇదీ. ఆ బియ్యం నేను తింటే ఒక మాట. తినడం లేదు. అవ్వ వాటా అవ్వ డబ్బాలోనే పోస్తున్నాను, పురుగు పట్టకుండా పైన వేపాకు వేస్తున్నాను. ఇంకొక్క నెలది పోస్తే డబ్బా నిండుతుంది.

కార్డు కోసం అవ్వ బిస్కెట్ డబ్బా దించాను. రేకు డబ్బా అది, మా బాపు మస్కట్ నుంచి మొదటిసారి వచ్చినప్పుడు తెచ్చింది. బిస్కెట్లు నాలుగు రోజుల్లో అయిపోయాయి, డబ్బా మాత్రం మా ఇంటి బీరువా అయింది. కార్డులు, కరెంటు బిల్లులు, చెల్లెళ్ల పెళ్లి ఫొటోలు, బాపు ఆఖరి ఉత్తరం అన్నీ దాంట్లోనే. అడుగున పాత కార్డు ఉంది, ఆరు పేర్లున్నది. బాపు, అవ్వ, బాపమ్మ, నేను, ఇద్దరు చెల్లెళ్లు. ఆ తర్వాత వచ్చిన కార్డుల్లో ఒక్కొక్క పేరూ తగ్గుతూ వచ్చింది. బాపమ్మ పోయింది, చెల్లెళ్ల పేర్లు వాళ్ల అత్తగారిళ్ల కార్డుల్లోకి మారాయి, బాపు పోయాడు. నా పేరు కూడా కొన్నేళ్లు వేరే కార్డులో ఉండి, మా ఆయన పోయాక, పిల్లాజెల్లా లేనిదాన్ని గనుక మళ్లీ అవ్వ పేరు కిందికే వచ్చి చేరింది. ఆ పాత కార్డు మడతలో ఒక కూపను దొరికింది. గులాబీ రంగు వెలిసి దాదాపు తెల్లబడింది. దాని మీద చక్కెర అని అచ్చు వేసి ఉంది. వాడని కూపను. మా అవ్వ జన్మలో ఒక్క కూపను గడువు దాటనివ్వలేదు, ఈ ఒక్కటి తప్ప. ఇది ఎందుకు మిగిలిపోయిందో ఈ భూమ్మీద ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు.

ఇప్పుడూ కూపన్లు వస్తాయి, ఫోన్లో. పొద్దున లేచేసరికి నాలుగు వచ్చి ఉంటాయి, మీ కోసమే ప్రత్యేకంగా అంటూ. రెండు కొంటే మూడోది ఉత్తదే అంటాయి. ఒక్కదాన్ని, మూడు నూనె ప్యాకెట్లు ఏం చేసుకోను? అవ్వ పోయాక నాకు తెలిసొచ్చిన సంగతి ఏమిటంటే, పొదుపు చెయ్యడానికి కూడా ఇంట్లో మనుషులుండాలి. అంగడిలో వంకాయ కుప్ప చవక, పావుకిలో పిరం. కుప్ప తెస్తే సగం కుళ్లి పారేస్తాను, పావుకిలో తెస్తే అవ్వ వెనక నుంచి తిడుతున్నట్టే ఉంటుంది. పప్పు వండితే రెండు రోజులు అదే పప్పు. ఒక గ్లాసు బియ్యం కుక్కర్లో పోస్తే అడుగున ఎక్కడో ఉంటుంది, దాని కోసం మూడు విజిల్లు. తిండి మీద ఇంత ఖర్చు నేను జీవితంలో ఎప్పుడూ చెయ్యలేదు, ఇంత తక్కువగా ఎప్పుడూ తినలేదు. అప్పుడు ఆరుగురికి సరిపోయిన తెలివి అంతా ఇప్పుడు ఒక్క మనిషి దగ్గర ఊరికే పడి ఉంది.

అప్పుడు మేము ఈ కరీంనగర్‌లో కాదు, చొప్పదండిలో ఉండేవాళ్లం. బాపు మస్కట్‌లో తాపీ పని చేసేవాడు. ఆయన పంపేది పోవడానికి చేసిన అప్పుకే సరిపోయేదని పెద్దయ్యాక తెలిసింది. ఇల్లు నడిచింది అవ్వ బీడీల మీద, కంట్రోలు దుకాణం మీద. ఆ బియ్యం దొడ్డుబియ్యం, గోనెసంచి వాసన. బియ్యం వచ్చిన రోజు మా ఇంట్లో పెద్ద పని. అవ్వ పాత చీర పరిచి బియ్యం ఎండలో పోసేది. బాపమ్మకు చెవులు వినబడవు గానీ కళ్లు చురుకు, ఆమె రాళ్లు ఏరేది. నేను, చెల్లెళ్లు మెరికెలు, అంటే పొట్టు ఊడని వడ్లగింజలు, ఏరేవాళ్లం. ఆ తర్వాత చాటతో చెరిగితే నూకలు వేరు, తవుడు వేరు, బియ్యం వేరు. నూకలు పొద్దున జావకు, తవుడు పక్క వీధి బర్రెలాయనకు, దానికి బదులు ఆయన ఇచ్చే చల్ల మాకు. వార్చిన గంజిలో ఉప్పు, కారం వేసి పిల్లలకు. నెల మధ్యలో ఒకసారి బియ్యప్పిండి విసిరి, నువ్వులు, పల్లీలు, ఉల్లాకు వేసి గంజు గిన్నె లోపలికి ఒత్తి సర్వపిండి చేసేది. ఆ దొడ్డుబియ్యం అంత బాగుంటుందని సర్వపిండి తిన్న రోజే ఒప్పుకునేవాళ్లం. మిగతా రోజులు మూతులు ముడుచుకునే తినేవాళ్లం. "మూతి గిట్ల వెడితె బియ్యం సన్నగైతయా?" అనేది అవ్వ.

కూరగాయల అంగడికి అవ్వ అందరూ తిరిగొచ్చే వేళకు బయల్దేరేది. అంగడి ఎత్తేసే ముందు కుప్పలు చవకవుతాయని కాదు, అది అందరికీ తెలిసిందే. అమ్మేవాళ్లు కూడా అప్పటికి అలిసిపోయి ఉంటారు, మాట్లాడే మనిషి కోసం చూస్తుంటారు అనేది ఆమె లెక్క. ధర దగ్గర ఎప్పుడూ బేరమాడేది కాదు. వాళ్ల పక్కన కూర్చుని, బిడ్డ కాన్పు అయిందా, మోకాళ్ల నొప్పులు ఎట్లున్నాయి అని అడిగి, లేచేటప్పుడు కొసరు అడిగేది. రెండు పచ్చిమిరపకాయలు, ఒక కల్యామాకు రెమ్మ, పగిలిన టమాటలు నాలుగు. కొసరుతోనే మా ఇంట్లో రెండు పూటలు గడిచేవి. బీరకాయ తెస్తే లోపలిది కూర, పైపొట్టు తొక్కు. నాకు ఆ కొసరు అడగడం చూస్తే సిగ్గయ్యేది. తొమ్మిదో తరగతి చదువుతూ, క్లాసులో మొదటి ర్యాంకు వస్తూ, పగిలిన టమాటల సంచి మొయ్యడం నా హోదాకు తక్కువనిపించేది. అవ్వకు రెండడుగుల వెనక నడిచేదాన్ని, ఎవరైనా చూస్తే వేరే మనుషులం అనుకోవాలని.

మా ఇంటి పక్కిల్లు జైనబీ చాచీది. భర్తది సైకిళ్ల రిపేరు దుకాణం, ఆయన ఎప్పుడో పోయాడు. బిడ్డను ఆదిలాబాద్ ఇచ్చింది. కొడుకు సలీం దుబాయి పోయి మూడేళ్లు. చాచీ, అవ్వ ఇద్దరూ మా అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని, ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చేసేవాళ్లు. తునికాకు కత్తిరించే చప్పుడు, తంబాకు ఘాటు, వాళ్ల మాటలు, ఈ మూడూ కలిసే నా చిన్నతనమంతా ఉంది. ఆ ఇద్దరి మధ్య ఒక ఏర్పాటు ఉండేది. రంజాన్ నెల మా చక్కెర కూపను చాచీకి. ఆమె పండుగకు షీర్‌ఖుర్మా చెయ్యాలి, వాడకట్టంతా పంచాలి, ఒక్క కార్డు చక్కెర ఎక్కడ సరిపోతుంది? దానికి బదులు మా పరీక్షల నెల ఆమె గ్యాసునూనె కూపను మాకు, కిరోసిన్ దీపాలకు. కరెంటు ఉన్నా లేనట్టే ఉండే రోజులు, మేము ముగ్గురం చదువుకునేవాళ్లం. ఎవరి కార్డు ఎవరు పట్టుకెళ్లినా దుకాణం ఆయన చూసీచూడనట్టు ఉండేవాడు. ఒక నెల చక్కెర ఎంత, గ్యాసునూనె ఎంత, ఎవరికి లాభం అని వాళ్లు ఒక్కరోజూ అనుకోగా నేను వినలేదు. రంజాన్ నెల మేము మాత్రం బెల్లం చాయ తాగేవాళ్లం. ఒక్కోసారి పాలు విరిగేవి. ఆ ఏడు నాకు అది చాలా పెద్ద అన్యాయంగా తోచింది.

మా వాడకట్టులో సగం ఇళ్ల మగవాళ్లు గల్ఫ్‌లో ఉండేవాళ్లు. ఊళ్లో లేని మనిషికి బియ్యం రాదు, పేరు తీసేస్తారు. అందుకని కార్డుల తనిఖీకి సారు వచ్చాడంటే ప్రతి ఇంట్లో ఒకటే మాట, చేను కాడికి పోయిండు అని. మా అవ్వ మాకు ఎక్కాల కంటే ముందు ఆ మాటే నేర్పింది. "బాపు ఏడి అంటె చేను కాడికి పోయిండు అనాలె. ఇంకొక్క ముక్క మాట్లాడద్దు" అని. మాకు చేనే లేదు. ఆ వాడకట్టులో చేను ఉన్న ఇళ్లు నాలుగో ఐదో. అయినా తనిఖీ ఉన్న రోజు మా మగవాళ్లందరూ, అరబ్బు దేశంలో ఎండలో సిమెంటు కలుపుతున్న వాళ్లు, పేరుకు మాత్రం చొప్పదండి పొలాల్లో తిరుగుతుండేవాళ్లు.

ఆ రోజు పొద్దున చాయ దగ్గర అవ్వతో పోట్లాడాను. రంజాన్ దగ్గరికి వచ్చింది, అవ్వ చక్కెర కూపను తీసి చాచీ కోసం విడిగా పెట్టింది. "మన చక్కెర వాళ్లకెందుకు? నేను బెల్లం చాయ తాగ" అని గ్లాసు నెట్టేశాను. అవ్వ ఆ చాయ తనే తాగేసి, చాచీతో కలిసి బీడీలు ఒప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. వాళ్లట్లా పోగానే తనిఖీ సారు వచ్చాడు. బాపమ్మకు ఏ మాటా వినబడదు. నేను కార్డు తెచ్చి ఇచ్చాను.

"మీ బాపు ఏడి?"

"చేను కాడికి పోయిండు సార్."

ఆయన కలం ఆపి నవ్వాడు. "గీ వాడకట్టు మొగోళ్లందరు చేన్లనే ఉంటరా? పొద్దటిసంది ఒక్క మొగమనిషి కనవడలే. మీకెంత ఉన్నదమ్మా చేను?"

మాకు నేర్పిన పాఠంలో ఆ ప్రశ్న లేదు. తెలివైన పిల్లను కదా, తక్కువ చెబితే పరువు పోతుందనుకున్నాను. "మస్తుగున్నది సార్" అన్నాను.

"మస్తుగుంటె మీకు తెల్లకార్డు ఎందుకే?" అన్నాడు ఆయన. నవ్వుతూనే అన్నాడు. బాపు పేరు కాదు, కార్డే పోయేట్టుంది. అవ్వ మొహం కళ్ల ముందు ఆడింది. ఆయన నా పుస్తకాల సంచి చూశాడు. ఏ క్లాసని అడిగాడు, ర్యాంకు అడిగాడు, చెప్పాను. "గంత మంచిగ చదివే పిల్లవు, అబద్ధం ఆడుతరా? సరే, మీ బాపు పేరు ఉంచుత తియ్. గీ పక్కింట్ల ఎవలెవలుంటరో అదన్న జర నిజం చెప్పు."

చెప్పాను. చాచీ ఒక్కతే ఉంటుందని, సలీం అన్న దుబాయిలో ఉంటాడని, అక్కకు పెళ్లయి ఆదిలాబాద్‌లో ఉంటుందని అడగనివి కూడా కలిపి చెప్పాను. ఆయన రాసుకుని వెళ్లిపోయాడు. బాపు పేరు కాపాడడానికి చెప్పానని చాలా ఏళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజమే చెప్పాను కదా అని కూడా అనుకున్నాను. తెలియదు సార్ అంటే సరిపోయేది. బెల్లం చాయ కోపం నా నోట్లో ఇంకా ఉంది. దాంతోనే చెప్పాను.

తర్వాతి నెల దుకాణం దగ్గర వరుసలో నా ముందు చాచీ ఉంది. దుకాణం ఆయన ఆమె కార్డు తెరిచి కాసేపు చూశాడు. రెండు పేర్ల మీద ఎర్ర సిరాతో గీతలున్నాయి. ఒక్క మనిషి బియ్యం తూచి ఆమె సంచిలో పోశాడు. ఆ సంచి పెద్దది, మూడు పేర్ల బియ్యానికి కుట్టుకున్నది. కొంచెం బియ్యం అడుగున పడి, మిగతా గుడ్డ అంతా వేలాడింది. చాచీ దాన్ని రెండు చేతులా చుట్టి, గుండెకు ఆనించుకుని నన్ను దాటి వెళ్లిపోయింది. సలీం రెండేళ్లుగా ఒక్క పైసా, ఒక్క ఉత్తరం పంపడం లేదని, కార్డు మీద వచ్చే ఆ ఇద్దరి బియ్యమే ఆమె బతుకుతెరువని అవ్వకు తప్ప ఎవరికీ తెలియదు. నాకు అసలు తెలియదు. ఎవరు చెప్పారని ఆమె ఆఫీసుకు పోయి అడిగితే, మీ పక్కింటివాళ్లే అన్నారట. ఆ మాట దుకాణం దగ్గర నా చెవిన పడింది, అవ్వకు చెప్పలేదు. ఆ రోజు నుంచి ఆమె మా అరుగు మీద కూర్చోలేదు. తన గుమ్మంలో తలుపు ఓరగా వేసుకుని బీడీలు చేసుకునేది. అవ్వ రెండుసార్లు వెళ్లి పిలిచింది. "ఏమైంది జైనబక్కా, నేనేమన్న తప్పు చేసిన్నా?" అంటే "ఏంలేదు రాజవ్వా, పాణం మంచిగ లేదు" అని లోపలికి పోయేది.

రంజాన్ నెలవంక కనబడిన మర్నాడు అవ్వ నా చేతికి కార్డు, చక్కెర కూపను ఇచ్చి చాచీకి ఇచ్చి రమ్మంది. వెళ్లాను. చాచీ పొయ్యి దగ్గర గోడకు ఆనుకుని ఉత్తగా కూర్చుని ఉంది. నన్ను చూసి చెయ్యి ఊపింది. "వద్దు బేటా, తీస్కపో. మీ ఇంట్ల పిల్లలున్నరు. నేనొక్కదాన్ని, ఎవలికి చెయ్యాలె షీర్‌ఖుర్మా?" అంది. ఆ తర్వాతి మాటలు నాతో అన్నట్టు కూడా లేవు. "బియ్యం ఫికర్ లేదు బేటా. ఒక పూట తింటె చాలు నాకు. మావోడు ఎక్కడున్నడో అల్లాకే ఎరుక. గా కార్డుల ఒక్కదాంట్లనే ఇంట్ల ఉండె. నెలనెల దుకాన్ల సలీం అని పేరు సదివి బియ్యం పోస్తుంటె, ఉన్నడు అనుకునేదాన్ని. గదీ తీసేసిన్రు."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. చాచీ, అది అవ్వ కాదు, నేను అని. ఆ ఒక్క మాట అంటే ఆమె నన్ను కొట్టేదేమో, తిట్టేదేమో, అవ్వతో మాత్రం ఆ సాయంత్రమే మాట్లాడేది. నాకు ధైర్యం చాలలేదు. కూపను పిడికిట్లో పట్టుకుని ఇంటికి వచ్చాను. అవ్వ గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. "ఇచ్చినవా? ఏమన్నది?" అంది. "ఇంట్ల లేదవ్వా" అన్నాను. "సరే, రేపు తనే వస్తది తియ్" అని అవ్వ కూపను బిస్కెట్ డబ్బాలో పెట్టింది.

రేపు రాలేదు, ఎల్లుండి రాలేదు. ఆ నెలంతా అవ్వ చక్కెర తేలేదు. మాకు బెల్లం చాయే. దుకాణం మూసే రోజు ముందు బాపమ్మ కూడా కూపను పాడైపోతుందని గొణిగింది. "గది మనది కాదత్తా" అంది అవ్వ, ఆమెకు వినబడదని తెలిసీ. పండుగ రోజు వాడకట్టులో అన్ని ముస్లిముల ఇళ్ల నుంచి గిన్నెలు వచ్చాయి. చాచీ ఇంటి నుంచి రాలేదు. అవ్వ ఆ సాయంత్రం దాకా కొంగు నడుముకు దోపి, తలుపు దగ్గరే ఏదో ఒక పని పెట్టుకుంది. నేను మూల కూర్చుని లెక్కలు చేసుకుంటూ చూస్తూనే ఉన్నాను. ఆమెకు ఆ వాడకట్టులో, ఆ మాటకొస్తే ఈ లోకంలో, మనసు విప్పి మాట్లాడే మనిషి ఒక్కతే ఉండేది. బాపు మూడేళ్లకోసారి వచ్చే చుట్టం. ఆ ఒక్క మనిషినీ నేను తీసేశాను, అవ్వకేమో తను ఏం తప్పు చేసిందో కూడా తెలియదు.

మా పరీక్షల నెల వచ్చింది. అవ్వ గ్యాసునూనె మాట ఎత్తలేదు, ఈ ఏడు పొద్దు ఉండగానే చదువుకోండి అంది. ఒకరోజు తలుపు తీసేసరికి గడప లోపల చాచీ కార్డు ఉంది, దానికి పిన్నీసుతో గ్యాసునూనె కూపను గుచ్చి ఉంది. తలుపు సందులోంచి తోసి పోయింది. అవ్వ చేసిందనుకున్న ద్రోహం అవ్వది, పిల్లల చదువు పిల్లలది అనుకుందేమో. అవ్వ ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. "నా మీద గింత కోపముండంగ కూపనెందుకు ఇచ్చింది? ఇయ్యాల్నని ఉంటె మాట్లాడకుంట ఎందుకుంటది?" అని నన్ను అడిగింది. నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు. ఆ నూనె దీపం దగ్గరే చదివాను. ఆ ఏడు కూడా మొదటి ర్యాంకు నాదే.

పరీక్షలు అయిపోయిన వారానికి చాచీ ఇల్లు ఖాళీ చేసి బిడ్డ దగ్గరికి ఆదిలాబాద్ వెళ్లిపోయింది. ఆటో వచ్చిన చప్పుడు విని అవ్వ లేవలేదు, ఒళ్లో చాట అట్లాగే ఉంచుకుని దారం చుడుతూ కూర్చుంది. ఆటో కదిలాక లేచి బయటికి వచ్చింది. చాచీ వెనక్కి చూసిందో లేదో నాకు తెలియదు, నేను పెరట్లో దాక్కున్నాను. కొన్నేళ్లకు నేను ఆదిలాబాద్ ఒక పెళ్లికి వెళ్లినప్పుడు అడిగితే, ఆమె పోయి ఏడాదిన్నర అయిందన్నారు. సలీం వచ్చాడా అని అడిగాను. రాలేదన్నారు. ఇంటికి వచ్చి చాచీ పోయిందని మాత్రం అవ్వకు చెప్పాను. మిగతాది చెప్పలేదు. అవ్వ మంచాన పడ్డ ఆఖరి నెలల్లో రోజూ చెబుదామనుకునేదాన్ని, రోజూ జావ తాగించి మూతి తుడిచి లేచి వచ్చేదాన్ని. ఒకరోజు తనే అన్నది, "జైనబక్క ఎందుకు అలిగిందో ఏమో బిడ్డా" అని. ఇరవై ఐదేళ్ల తర్వాత. నేను గ్లాసు కడగడానికి వంటింట్లోకి పోయాను.

నిన్న పొద్దున తయారై దుకాణానికి బయల్దేరాను. సంచిలో కార్డు ఉంది, అవ్వ మరణ ధ్రువపత్రం నకలు ఉంది. చెప్పి పేరు తీయించుకుందామని గట్టిగానే అనుకున్నాను. ఇప్పుడు వచ్చేవి సన్నబియ్యం. మెరికెలు లేవు, రాళ్లు లేవు, ఏరడానికి ఇంట్లో మనుషులూ లేరు. నా వంతు వచ్చింది. వేలు పెట్టాను, మిషన్ నా పేరు చదివింది, ఆ తర్వాత, ఈ నెల తనిఖీ గనుక కాబోలు, ఎన్నడూ లేంది అవ్వ పేరు కూడా చదివింది. ఆడగొంతుతో, స్పష్టంగా, ఇంటిపేరుతో సహా. ఐదు నెలలుగా నా చుట్టూ ఎవరూ ఆ పేరు పైకి అనలేదు. నాకు అక్కడే, ఆ కాంటా ముందు, చాచీ సంచి గుండెకు ఆనించుకుని నడిచి పోవడం కనబడింది.

"అవ్వేది మేడమ్? తోలుకరాలే?" అన్నాడు దుకాణం ఆయన.

సంచిలోకి చెయ్యి పెట్టాను. కాగితం వేళ్లకు తగిలింది.

"చేను కాడికి పోయింది" అన్నాను.

వెనక నిలబడ్డవాళ్లు ఎవరో నవ్వారు. ఆయన కూడా నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయాడు. నా వయసువాడే, ఏ చొప్పదండి పక్క పల్లెవాడో, ఆ పాఠం వాళ్లవ్వ కూడా నేర్పే ఉంటుంది. "కరీంనగర్ల చేనెక్కడిది మేడమ్" అన్నాడు మెల్లగా, ప్రశ్నలా కాదు. కాంటా మీది పళ్లెం సవరించాడు. "సరే తియ్యిండ్రి. నెలాఖరుదాక టైమున్నది" అని ఇద్దరి బియ్యం తూచి సంచిలో పోశాడు.

ఇంటికి వచ్చి నా వాటా నా డబ్బాలో, అవ్వ వాటా అవ్వ డబ్బాలో పోశాను. అది నిండి కొన్ని గింజలు కింద పడితే ఏరి మళ్లీ వేశాను. కార్డును బిస్కెట్ డబ్బాలో, చక్కెర కూపను పక్కన పెట్టాను. నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. అప్పటిదాకా ఆ కార్డులో మా అవ్వ ఇంట్లోనే ఉంటుంది.